ఖాళీ గదిలో రెండు గొంతులు

మొన్న టవర్ ఆఫ్ లండన్‌లో అందరూ కిరీటాల క్యూ వైపు నడిచారు (మన కోహినూర్ అక్కడే మరి). నాకు మాత్రం మూడొందల ఏళ్ల కిందటి వినిఫ్రెడ్ అనే ఆవిడ గుర్తొచ్చి కాళ్లు ఆగిపోయాయి.

క్యాథలిక్ ప్రభువుల ఇంటి పిల్ల. తల్లి ఇంగ్లండ్ రాజు రెండో జేమ్స్ పిల్లలకు గవర్నెస్. 1688లో రాజు ఫ్రాన్స్‌కు పారిపోతే వీళ్లూ వెంట వెళ్లారు. ఆ జేమ్స్ కొడుకును గద్దె ఎక్కించాలని జరిగిన 1715 తిరుగుబాటులో వినిఫ్రెడ్ భర్త నిత్స్‌డేల్ ప్రభువు పట్టుబడ్డాడు. ఈ టవర్‌లోనే ఖైదు, మరణశిక్ష. ఆవిడ మంచులో స్కాట్లాండ్ నుంచి వచ్చి అప్పటి రాజు మొదటి జార్జ్ కాళ్ల మీద పడింది. రాజు వెళ్లిపోతుంటే కోటు అంచు పట్టుకుని మోకాళ్ల మీదే ఈడ్చుకుంటూ పోయింది. ఆయన కరగలేదు.

ఇక 1716 ఫిబ్రవరి 23. తెల్లారితే తల నరికేస్తారు. భర్తకు ఆడవాళ్ల బట్టలు కట్టి, గడ్డం కనపడకుండా రంగు పూసి, ఏడుస్తున్నట్టు రుమాలు అడ్డం పెట్టించి కాపలావాళ్ల ముందు నుంచే పంపేసింది. ఆ తర్వాతది తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే! ఒక్కతే మళ్లీ గదిలోకి వెళ్లి, ఆయన గొంతుతో తనే జవాబులు చెబుతూ మాట్లాడింది. బయటికొస్తూ, ప్రార్థనలో ఉన్నారు, కొవ్వొత్తులు ఇప్పుడే తేవద్దని నౌకరుకు చెప్పింది. అదీ తెలివంటే.

తర్వాత ఇద్దరూ రోమ్‌లో, డబ్బుకు కటకటలాడుతూనే, చాలా ఏళ్లు బతికారు.