అదృష్టానికి ప్రిలిమ్స్‌లో వచ్చే మార్కులెన్ని?

సివిల్స్‌కి చదివేవాళ్లు నలుగురు కలిస్తే "రాసిపెట్టి ఉండాలి" అన్న మాట వినపడకుండా ఉండదు. రిజల్ట్ వచ్చిన రోజైతే మరీను. పాసైనవాళ్లు "దేవుడి దయ" అంటారు, పోయినవాళ్లు "టైం బాలేదు" అంటారు. మొదటిది వినయం అనుకుందాం. నా పేచీ రెండోదానితోనే. టైం బాలేదని సరిపెట్టుకున్నాక తన పేపర్ మళ్లీ తీసి చూసుకున్నవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

అదృష్టం వాటా ఎంతో తేల్చే లెక్క మన ప్రశ్నపత్రంలోనే ఉంది. సివిల్స్‌లో మొదటి మెట్టు ప్రిలిమ్స్. అందులో జనరల్ స్టడీస్ పేపర్‌లో 100 ప్రశ్నలు, 200 మార్కులు. తప్పు జవాబుకి ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. బొత్తిగా తెలియని ప్రశ్నలు 12 మిగిలాయనుకోండి. నాలుగు ఆప్షన్లలో ఏదో ఒకటి బబుల్ చేసేశారు. సగటున 3 తగులుతాయి, అంటే 6 మార్కులు. 9 తప్పులకు పోయేది కూడా 6 మార్కులే. చేతికి మిగిలేది సున్నా. నాలుగు ఆప్షన్లకు మూడో వంతు కోత పెడితే గుడ్డి ఊహకి సగటున దక్కేదేమీ ఉండదు.

ఇప్పుడు అవే 12 ప్రశ్నల్లో ఒక్కో ఆప్షన్ కచ్చితంగా తప్పని తెలుసనుకోండి. 4 తగులుతాయి, 8 మార్కులు. మిగతా 8 తప్పులకు 5.33 పోయినా 2.67 మిగులుతాయి. రెండేసి ఆప్షన్లు కొట్టేయగలిగితే 6 ఒప్పు, 6 తప్పు: 12 మార్కుల్లోంచి 4 పోయి 8 మీవి. కటాఫ్ దగ్గర 8 మార్కులంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. పక్కనుంచి చూసేవాళ్లకి ఇది కూడా "లక్కీగా గెస్ కొట్టాడు" అన్నట్టే ఉంటుంది. కొట్టేసిన ఆ రెండు ఆప్షన్ల వెనక ఉన్న చదువు వాళ్లకి కనపడదు.

సగటు అన్నాను కదా, ఆ ఒక్క రోజు 12కి 6 తగలొచ్చు, ఒక్కటే తగలొచ్చు. ఆ తేడానే మనం అదృష్టం అంటున్నాం. అది లేదని నేననను. బొత్తిగా తెలియని ప్రశ్నలు ఎన్ని తగ్గితే దాని ఆట అంత తగ్గుతుంది.

దీనికోసం మాక్ టెస్టుల్లో ఒక పని చేసేదాన్ని. ప్రతి జవాబు పక్కన పెన్సిల్‌తో 'తె', 'స', 'ఊ' అని రాసుకునేదాన్ని: తెలుసు, సగం తెలుసు, ఊహ. కీ చూసుకునేటప్పుడు మూడింటికీ విడివిడిగా లెక్క కట్టాలి, సబ్జెక్టు వారీగా. టోటల్ చూసుకుని సంతోషమో ఏడుపో పడటం కంటే ఇది చాలా ఉపయోగం. నా విషయంలో ఎన్విరాన్‌మెంట్‌లో 'స' గుర్తులు బాగా మార్కులు తెచ్చేవి. హిస్టరీలో శిల్పం, చిత్రకళ ప్రశ్నలకు అదే 'స' పెడితే ఊహకి వచ్చినన్నే వచ్చేవి. అందుకని అసలు పరీక్షలో ఒకదానికి ధైర్యం చేశాను, రెండోదాన్ని వదిలేశాను. బయటివాళ్లు దాన్ని గట్స్ అన్నారు. నిజానికి అది పాత మాక్ పేపర్ల లెక్క.

"అంత చదివినా హాల్లో బ్లాంక్ అయిపోయింది, నా ఖర్మ" అనేవాళ్లకు ఒక సంగతి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ పరిశోధకులు విద్యార్థుల్లో కొందరితో ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు, కొందరితో చదివాక పుస్తకం చూడకుండా గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారం తర్వాత పెడితే రాసినవాళ్లు ముందున్నారు. హైలైటర్‌తో నాలుగోసారి చదివిన చాప్టర్ ఆ పూట వచ్చినట్టే ఉంటుంది. హాల్లో రాకపోవడానికి ఖర్మ దాకా వెళ్లక్కర్లేదు.

జాతకాల గురించి కూడా చెప్పాలి. మా స్టడీ రూమ్‌లో చాలా బాగా చదివే ఒకతనికి ఎవరో "ఈ ఏడాది యోగం లేదు, వచ్చే ఏడాది తిరుగు లేదు" అని చెప్పారు. ఆ తర్వాత అతను మాక్‌లు మానేశాడు, రివిజన్ వాయిదా వేశాడు. ప్రిలిమ్స్ పోయింది. "చూశావా, చెప్పినట్టే జరిగింది" అన్నాడు! 1985లో షాన్ కార్ల్‌సన్ నేచర్ పత్రికలో ఒక పరీక్ష ఫలితం ప్రచురించాడు. జ్యోతిష్కులకు ఒక మనిషి జన్మకుండలి ఇచ్చి, మూడు వ్యక్తిత్వ వివరాల్లో అతనిది ఏదో గుర్తుపట్టమన్నారు. దాదాపు మూడింట ఒకటే సరిపోయింది. మన భాషలో చెప్పాలంటే 'ఊ' గుర్తు.

మరో తమాషా ఏమిటంటే, రాజ్యాంగం చెప్పిన ప్రాథమిక విధుల్లో 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథం, 42వ సవరణ, 1976 అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లే రాహుకాలం చూసి మాక్ టెస్ట్ మొదలుపెడతారు.

పూజ చేసుకుంటే మనసు కుదురుగా ఉంటుందనేవాళ్లు చేసుకోండి, దానితో నాకు గొడవ లేదు. టైంటేబుల్‌ని మాత్రం దాని చేతిలో పెట్టకండి. ఇంటర్వ్యూ బోర్డు ఎవరొస్తారో అదృష్టం అనేవాళ్లది కొంత నిజమే. కానీ ర్యాంకుకి లెక్కేసే మొత్తం 2025 మార్కుల్లో ఇంటర్వ్యూవి 275, మెయిన్స్‌లో మీరు కూర్చుని రాసేవి 1750. ఏది ముందు ఆలోచించాలో చూసుకోండి.

"ఈసారి బాలేదట, రాయకు" అని ఇంట్లోవాళ్లు అంటే వాదించి టైం పోగొట్టుకోవద్దు. జనరల్ కేటగిరీకి ఉన్నవి 6 అటెంప్టులు. అప్లై చేసినంత మాత్రాన అటెంప్ట్ పోదు, ప్రిలిమ్స్‌లో ఒక్క పేపర్‌కి కూర్చున్నా పోతుంది. కాబట్టి అప్లై చేసేయండి. పరీక్షకి వారం ముందు చివరి మాక్‌లు తీసి, 'తె' ఎన్ని, అందులో తప్పులెన్ని, సీశాట్‌లో (ప్రిలిమ్స్ రెండో పేపర్) పాసవడానికి కావాల్సిన 33 శాతం నిలకడగా దాటుతున్నారా లేదా చూసుకుని, వెళ్లాలో వద్దో అప్పుడు తేల్చుకోండి.