డ్రోన్ ఎగరేసినందుకు పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టారు: నా అనుభవం

డ్రోన్ ఇంటికి వచ్చింది కానీ నా కోపం ఇంకా చల్లారలేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. ఈ హాబీలోకి రావాలనుకునే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు, ఎక్కడ ఏ తలనొప్పి వస్తుందో వాళ్లకి ముందే తెలియాలి.

నాకీ పిచ్చి పట్టింది 2024 అక్టోబరులో. అమరావతి డ్రోన్ సమ్మిట్ అప్పుడు విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లతో షో పెట్టారు, గిన్నిస్ రికార్డులు కూడా వచ్చాయి. అవన్నీ కంప్యూటర్ నడిపిన డ్రోన్లు. నాకు మాత్రం నా చేతులతో నేనే నడపాలనిపించింది. వెతుక్కుంటూ పోతే ఎఫ్‌పీవీ (ఫస్ట్ పర్సన్ వ్యూ) డ్రోన్ల సంగతి తెలిసింది. కళ్లకి గాగుల్స్ పెట్టుకుంటే డ్రోన్ మీదున్న కెమెరాకి కనిపించేదే మనకీ కనిపిస్తుంది.

విదేశాల నుంచి రెడీమేడ్ డ్రోన్ దిగుమతి చేసుకోవడం 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం. విడిభాగాలకి ఆ నిషేధం లేదు. అందుకని ఫ్రేమ్, మోటార్లు, డ్రోన్‌ని అదుపు చేసే సర్క్యూట్ బోర్డు (ఫ్లైట్ కంట్రోలర్) విడివిడిగా తెప్పించుకుని నేనే కట్టుకున్నాను. సోల్డరింగ్ అంతా నాదే. మొదటిసారి బ్యాటరీ తగిలించినప్పుడు ఒక్క వైరు కూడా వేడెక్కలేదు, అది నేను గర్వంగానే చెప్పుకుంటాను.

సిమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్ మీద ఉత్తుత్తి డ్రోన్ నడిపి, చేయి కుదిరాక బయట ఎగరేశాను. ఆక్రో మోడ్‌లో డ్రోన్ తనంతట తాను సరిగ్గా నిలబడదు, ప్రతి క్షణం మనమే పట్టుకోవాలి. చింతచెట్టు మీదుగా పైకి లేపి, తలకిందులు చేసి, అటువైపు దిగినప్పుడు కడుపులో ఒక్కసారిగా ఖాళీ అయినట్టు అనిపించింది. కాళ్లు నేల మీదే ఉన్నాయని తెలుసు, ఒళ్లు మాత్రం నమ్మలేదు. ఆ రోజు నుంచి వేరే వ్యాపకం లేదు.

ఇక అసలు సంగతి. పల్నాడులో మా బాబాయికి మిరప చేను ఉంది. కోతలు అయిపోయాక నేలంతా ఖాళీ. ఎయిర్‌పోర్టులన్నీ దూరం, డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో అది గ్రీన్ జోన్, అంటే అనుమతి అడక్కుండా ఎగరేయగల చోటు. బాబాయి కొడుకు, మా తమ్ముడు, పక్కనే నిలబడి డ్రోన్‌ని కంటితో కనిపెడుతూ ఉన్నాడు. గాగుల్స్ పెట్టుకున్నవాడికి చుట్టుపక్కల కనిపించదు కాబట్టి అలా ఒక మనిషి ఉండాల్సిందే. ఊళ్లో వాళ్లకి డ్రోన్ కొత్తేమీ కాదు, మందు కొట్టే డ్రోన్లు వస్తూనే ఉంటాయి. ఒక పెద్దాయన వచ్చి "ఎకరానికి ఎంత తీసుకుంటావు బాబూ?" అని కూడా అడిగాడు.

బండి మీద ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. ఎవరో ఫోన్ చేశారట. తమ్ముడు "ఒక్క నిమిషం సార్, దింపేస్తాడు" అంటూనే ఉన్నాడు, ఒకాయన వచ్చి నా కళ్ల మీద నుంచి గాగుల్స్ లాగేశాడు. డ్రోన్ ఇంకా గాల్లోనే ఉంది! ఎటు పోతోందో తెలియకుండా వదిలితే ఎవరికైనా దెబ్బ తగులుతుంది. మోటార్లు ఆపే స్విచ్ కొట్టాను. రాయిలా పడింది. ఫ్రేమ్ చేయి ఒకటి విరిగింది.

"ఎవరింటి మీద తిప్పుతున్నావ్?" అన్నది మొదటి ప్రశ్న. ఆ చేను చుట్టూ కనుచూపు మేరలో ఇల్లే లేదు.

స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎస్సై పర్మిషన్ లెటర్ ఏదన్నాడు. మ్యాప్, రిజిస్ట్రేషన్ నంబరు ఫోన్‌లో చూపించబోతే "ఫోన్‌లో ఏదైనా చూపిస్తావు, కాగితం కావాలి" అన్నాడు. తమ్ముడిని తహసీల్దార్ ఆఫీసుకి పంపారు, వాళ్లు తమకి సంబంధం లేదన్నారు. ఈలోగా నా గాగుల్స్ స్టేషన్‌లో ప్రతి మనిషీ పెట్టుకుని చూశాడు.

చివరికి బాబాయిని పిలిపించారు. ఆయన జీవితంలో స్టేషన్ గడప తొక్కలేదు. చేతులు కట్టుకుని నిలబడి "మా అన్నయ్య కొడుకండి, చదువుకున్నోడు" అన్నాడు. ఎస్సై తల కూడా ఎత్తకుండా "ఇలాగేనా పెంచేది?" అన్నాడు. ఎస్సైది నా వయసే ఉంటుంది. నన్ను ఎన్ని అన్నా పడేవాణ్ణి. "ఇక మీదట ఎగరవేయము" అని రాయించి బాబాయి చేత సంతకం పెట్టించుకున్నారు. దారిలో బాబాయి నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

రాత్రంతా కూర్చుని 2021 డ్రోన్ రూల్స్ మళ్లీ చదివాను. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల లోపు ఎగరేయడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. 250 గ్రాముల నుంచి రెండు కిలోల దాకా మైక్రో తరగతి, నాది అందులోకే వస్తుంది. వ్యాపారానికి కాకపోతే పైలట్ సర్టిఫికెట్ కూడా అవసరం లేదు. పోలీసులు ఎక్కడైనా తాత్కాలికంగా రెడ్ జోన్ (అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు) పెట్టాలంటే ఎస్పీ హోదాకి తగ్గని అధికారి ప్రకటించాలి, ఒక విడతకి 96 గంటలు మించకూడదు, అది డిజిటల్ స్కైలో కనిపించాలి. మరి ఆ ఎస్సై ఏ రూలు మీద ఆపాడు? ఓర్వకల్లులో 300 ఎకరాల్లో డ్రోన్ హబ్ అని ప్రకటించిన రాష్ట్రమిది. ఆ రూల్స్ ఒక్క పేజీలో తెలుగులో అచ్చువేసి ప్రతి స్టేషన్‌కీ పంపడానికి ఎంతవుతుంది?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు రిమోట్ కొనండి, సిమ్యులేటర్‌కి అదే పనికొస్తుంది. డ్రోన్ తర్వాత. డ్రోన్‌లో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని ఎగరేయని రోజుల్లో సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి, ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జ్ చేయొద్దు. "కొంచెం ఉబ్బితే ఏం కాదు" అనే షాపువాడి దగ్గర ఇంకేమీ కొనకండి, నాకు అలాంటివాడు తగిలాడు. అన్నిటికంటే ముఖ్యం, ఎగరేసే రోజు మ్యాప్ పేజీ, రూల్స్, రిజిస్ట్రేషన్ ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి. ఫోన్ చూపిస్తే చూడరు.

ఫ్రేమ్ చేయి మార్చాను, డ్రోన్ మళ్లీ బాగానే ఎగురుతోంది. అందులోని మెమరీ కార్డు మాత్రం పోలీసులు తిరిగి ఇవ్వలేదు. ఏ సెక్షన్ కింద ఉంచుకున్నారో, బాబాయి చేత ఏ అధికారంతో సంతకం పెట్టించుకున్నారో అడుగుతూ ఆర్టీఐ దరఖాస్తు పెట్టాను. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలుకి వెళ్తాను.