పాంక్రియాస్‌లో సిస్ట్, అప్పన్న కొండ చుట్టూ నడక

సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు కొండ కింద తొలి మెట్టు, అదే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే, కొండను కుడివైపు ఉంచుకుని అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా తిరిగి అప్పన్న పాదాల దగ్గరికే చేరతాం. మా విజయనగరం వైపు ఏటా నడిచేవాళ్ళు ఇంటికొకరుంటారు. నేను మాత్రం మొన్న ఆషాఢంలోనే మొదటిసారి నడిచాను.

వైశాఖంలో నడుం నొప్పి వస్తే, కిడ్నీలో రాయేమోనని స్కాన్ తీయించారు. రాయి లేదు గానీ పాంక్రియాస్‌లో, అంటే పొట్ట వెనకుండే క్లోమగ్రంథిలో, చిన్న సిస్ట్ (నీటి తిత్తి) ఉందన్నారు. ఎం.ఆర్.ఐ. కూడా అయ్యాక డాక్టరు గారు ఓపికగా కూర్చోబెట్టి చెప్పారు. సైజు 1.4 సెంటీమీటర్లు, లోపల గట్టి గడ్డ ఏమీ లేదు, పాంక్రియాస్‌లోని పెద్ద నాళం ఉబ్బలేదు. వయసు పైబడేకొద్దీ ఇలాంటివి చాలామందిలో ఉంటాయి, వేరే దేనికో స్కాన్ తీస్తే బయటపడతాయి. "దాదాపు ప్రమాదం లేనిదే, ఆర్నెల్లకు మళ్ళీ చూద్దాం" అన్నారు. తీసేయకూడదా అని అడిగాను. "పాంక్రియాస్ ఆపరేషన్ చిన్నది కాదమ్మా. ఇప్పుడు ఆ సిస్ట్ కంటే కోతతోనే ముప్పెక్కువ" అన్నారు.

మంచి మాటే. అయినా ఆ రాత్రి నుంచి కంటి మీద కునుకు లేదు. పొద్దున లేవగానే కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని, కింది రెప్ప వేలితో లాగి, తెల్లగుడ్డు పచ్చబడిందేమోనని చూసుకునేదాన్ని. ఒక కన్ను చూసి నమ్మకం చాలక రెండోదీ చూసేదాన్ని. రోజూ బరువు చూసుకోవడం, గ్యాస్ పట్టి ఎడమవైపు కాస్త కలుక్కుమంటే అన్నం పక్కన పెట్టేయడం. అర్ధరాత్రి ఫోన్‌లో వెతికితే ప్రతి దారీ కేన్సర్ దగ్గరికే తీసుకుపోయేది. మా ఆయన ఎంత చెప్పినా చెవికెక్కేది కాదు.

"ఇంట్లో కూర్చుంటే ఇలాగే అవుద్ది వదినా, అప్పన్న దగ్గరికి నడుద్దాం పద" అంది మా ఆడపడుచు. నడిస్తే సిస్ట్ కరిగిపోతుందని చుట్టాల్లో ఒకరిద్దరన్నారు. నేనది నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. నడవొచ్చా అని డాక్టరు గారిని అడిగాను. నిక్షేపంగా నడవమన్నారు.

మధ్యాహ్నం బయలుదేరాం. అడవివరం దాటేసరికే జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. చెప్పుల్లేని కాళ్ళకు తారు రోడ్డు చురుక్కుమంటుంటే, హనుమంతవాక దగ్గర వాన పడి కాస్త చల్లబడింది. అక్కడి నుంచి దిగువకు దిగితే సముద్రం. జోడుగుళ్ళపాలెం ఒడ్డున స్నానం చేసి, తడిచీరతోనే మళ్ళీ రోడ్డెక్కాం.

ఎంవీపీ కాలనీ నుంచి అసలు నడక మొదలైంది. పిక్కలు పట్టేశాయి, అరికాళ్ళు బొబ్బలెక్కాయి. దారి పొడుగునా ఎవరెవరో మజ్జిగ ఇస్తున్నారు, పులిహోర పెడుతున్నారు. ఒకచోట మా అమ్మాయి వయసు పిల్ల నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బురద కాళ్ళని కూడా చూడకుండా ఒళ్ళో పెట్టుకుని నొప్పుల స్ప్రే కొట్టింది. నాకు ఏడుపొచ్చింది. రిపోర్టు వచ్చిన రోజు నుంచి పంటి బిగువున ఆపుకున్నదంతా అక్కడ బయటికొచ్చేసింది. "నొప్పెడుతోందా ఆంటీ?" అంది పాపం. అవునన్నాను.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కైలాసపురం నుంచి మాతో కలిసింది. కాసేపు ఆగుదామంటే ఒప్పుకునేది కాదు. "ఆగితే కాళ్ళు బిగిసిపోతాయి, నడు తల్లీ" అనేది. ఆవిడతో మాధవధార దాటాం. పొట్ట గురించి ఆలోచించి ఎన్ని గంటలైందో అని నాకే అనుమానం వచ్చింది. ఇన్ని వారాల్లో అది మొదటిసారి.

గోపాలపట్నం దగ్గర తెల్లవారుతుండగా టీ తాగుతూ, స్వామికి ఆ రోజు ఆఖరి విడత చందనం సమర్పిస్తారని ఆడపడుచు చెప్పింది. అక్షయ తృతీయనాడు చందనం ఒలిచి నిజరూప దర్శనమయ్యాక తొలివిడత, వైశాఖ, జ్యేష్ఠ పౌర్ణములకు మరో రెండు, ఆషాఢ పౌర్ణమికి చివరిది. విడతకు మూడు మణుగులు. ఇక అక్షయ తృతీయ మళ్ళీ వచ్చేదాకా చందనం వెనకున్న రూపాన్ని ఎవరూ చూడరు. చిన్నప్పటి నుంచి విన్న సంగతే గానీ, ఆ పూట నాకు వేరుగా తోచింది. లోపలున్నది చూడటానికి ఒక రోజుంది. నా సిస్ట్‌కీ డాక్టరు గారు అలాంటి రోజొకటి పెట్టారు. మధ్యలో రోజూ అద్దం ముందు నిలబడి దేన్ని చూద్దామని? దర్శనంలో సిస్ట్ పోవాలని అడగలేదు. నిద్ర పట్టేలా చూడు తండ్రీ అని మాత్రం దణ్ణం పెట్టుకున్నాను.

భయం పూర్తిగా పోలేదు. తర్వాతి వారమే ఒక రాత్రి మళ్ళీ వచ్చింది. ఇప్పుడు ఫోన్ వేరే గదిలో ఉంటోంది, సాయంత్రం ఆడపడుచుతో నడక ఉంటోంది. నిజంగా పట్టించుకోవాల్సినవేవో డాక్టరు గారిని అడిగి ఒక కాగితం మీద రాసుకున్నాను. కళ్ళు పచ్చబడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఉన్నట్టుండి షుగర్ పెరగడం, తగ్గని కడుపునొప్పి. వీటిలో ఏది వచ్చినా ఆర్నెల్లు ఆగకుండా రమ్మన్నారు. అవి లేనప్పుడు నా పని నేను చేసుకుంటున్నాను.

కార్తీకంలో స్కాన్ ఉంది. టెన్షన్ ఉంటుందని తెలుసు, అందుకే ఆ రోజు మా ఆయనతో పాటు ఆడపడుచును కూడా రమ్మన్నాను.