మత్పరః: స్థితప్రజ్ఞుణ్ణి నిలబెట్టే ఒక్క మాట

భగవద్గీత రెండో అధ్యాయం చివర అర్జునుడు చాలా సూటిగా అడుగుతాడు. స్థితప్రజ్ఞుడంటే, బుద్ధి నిలకడగా నిలిచినవాడంటే, ఎవరు? ఎలా మాట్లాడతాడు? ఎలా కూర్చుంటాడు? ఎలా నడుస్తాడు? 54వ శ్లోకమంతా ఇంతే. సిద్ధాంతం అప్పటికే చాలా విన్నాడు. అలాంటి మనిషి ఎదురైతే ఎలా పోల్చుకోవాలో ఇప్పుడు కావాలి. 55 నుంచి 72 దాకా 18 శ్లోకాల్లో కృష్ణుడు జవాబు చెబుతాడు. గాంధీజీ ఆశ్రమంలో సాయంకాలం ప్రార్థనలో రోజూ చదివినవి ఇవే.

వీటిని పైపైన చదివితే స్థితప్రజ్ఞుడు ఓ రాతిబొమ్మలా అనిపిస్తాడు. దుఃఖానికి కలత లేదు, సుఖం మీద ఆశ లేదు, రాగం, భయం, క్రోధం మూడూ లేవు. "అదంతా మహాత్ములకి గానీ మనకెక్కడ కుదురుతుందండీ" అని పుస్తకం మూసేస్తాం. 55వ శ్లోకం దగ్గరే శంకరాచార్యులు దీనికి సమాధానం రాసిపెట్టారు. అధ్యాత్మశాస్త్రంలో ఎక్కడైనా సరే, గమ్యం చేరినవాడి లక్షణాలుగా చెప్పినవే సాధకుడికి సాధనాలు, ఎందుకంటే అవి ప్రయత్నంతో సాధించగలిగేవి అంటారాయన. జ్ఞానికి అవి ఊపిరి తీసుకున్నంత సహజం, మనకి అభ్యాసం. కాబట్టి ఈ 18 శ్లోకాలని పొగడ్తల జాబితాగా కాక, పని నేర్పే పాఠంగా చదువుకోవాలి.

ఇంకో సంగతి ఉంది. నా దృష్టిలో అసలు కీలకం అదే. ఈ జవాబు మొత్తంలో కృష్ణుడు తనని తాను ప్రస్తావించుకున్నది ఒక్కచోటే. 61వ శ్లోకంలో "యుక్త ఆసీత మత్పరః" అంటాడు. ఇంద్రియాల్ని అదుపులో పెట్టుకుని, నన్నే పరమంగా పెట్టుకుని కూర్చోవాలి అని. ఆ మాట ఎక్కడుందో చూడండి. దానికి ముందు 60వ శ్లోకం, ఎంత వివేకమున్నవాడు ఎంత ప్రయత్నించినా ఇంద్రియాలు మనసుని బలవంతంగా లాక్కుపోతాయని హెచ్చరిస్తుంది. దాని తర్వాత 62, 63 శ్లోకాలు మనిషి పతనాన్ని మెట్టు మెట్టుగా చూపిస్తాయి. అటు సుడిగుండం, ఇటు లోయ, నడుమ పట్టుకోడానికి ఒక్క గుంజ. మత్పరః అన్న మాట తీసేస్తే మిగిలేది ఒట్టి బిగింపే. ఆ బిగింపు ఎక్కువ కాలం నిలవదని 60వ శ్లోకమే చెప్పేసింది.

ఆ మెట్లేమిటో దగ్గరగా చూద్దాం. బంధువుల గృహప్రవేశానికి వెళ్లారనుకోండి. పాలు పొంగించారు, వ్రతమయింది, భోజనాలయ్యాయి, ఇల్లంతా తిప్పి చూపించారు. చూడటంలో దోషమేమీ లేదు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆ వంటగది అరలు, పూజగది తలుపు మీది చెక్కడం మళ్లీ మళ్లీ తలుచుకుంటామే, అది "ధ్యాయతో విషయాన్", విషయాల్ని, అంటే ఇంద్రియాలు కోరేవాటిని, తలుచుకోవడం. నాలుగోసారి తలుచుకునేసరికి మనసు అక్కడ కాపురం పెట్టేస్తుంది. అది సంగం. మనకీ అలాంటిది కావాలనిపించడం కామం. రాత్రి లెక్కలు చూసుకుంటే కుదరదని తేలుతుంది. అడ్డు తగిలిన కోరిక క్రోధమవుతుంది. ఆ కోపం కొత్త ఇంటివాళ్ల మీదికి పోదు, మంచినీళ్లు తేవడం ఆలస్యం చేసిన అమ్మ మీదికి పోతుంది. ఎవరి మీద ఎందుకు అరుస్తున్నామో తెలియని ఆ మసకే సమ్మోహం. పెద్దవాళ్లతో ఇలా మాట్లాడకూడదని చిన్నప్పుడు నేర్చుకున్నది ఆ క్షణాన గుర్తు రాదు. అది స్మృతివిభ్రమం. ఆపైన బుద్ధినాశం, వినాశం.

ఇందులో మన చేతిలో ఉన్న మెట్టు మొదటిది. క్రోధం దాకా వచ్చాక శ్లోకాలు పనిచేయవు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. బస్సులో రెండోసారి ఆ అరలు గుర్తొచ్చినప్పుడు ఆపుకోవడం పెద్ద బరువు కాదు. అయితే "వద్దు, తలుచుకోకూడదు" అని బిగబట్టడం కూడా తలుచుకోవడమే. చాలామంది సాధకులు జారేది ఇక్కడే. మనసుకి వెళ్లడానికి ఇంకో చోటు చూపించాలి. మత్పరః చేసే పని అది. రోజూ పొద్దున్న పది నిమిషాలు ఒకే నామం 108 సార్లు చెప్పుకునే అలవాటుంటే, బస్సులో ఆ నామం తనంతట తాను అందుకుంటుంది. రోజుకో నామం మారిస్తే ఆ దారి పడదు. ఒకటే ఉంచుకోండి.

59వ శ్లోకం ఉపవాసాల గురించి కూడా మనకి సూటిగా తగులుతుంది. ఆహారం మానేసినవాడి నుంచి విషయాలు తొలగిపోతాయి, "రసవర్జం", రుచి మాత్రం పోదు అంటుంది. ఏకాదశినాడు అన్నం మానేసి ఉప్మా, అరటిపళ్లు, సగ్గుబియ్యం పాయసం కానిచ్చి, మధ్యాహ్నం నుంచే ద్వాదశి పారణకి ఏ కూరలు వండాలో మాట్లాడుకుంటే వదిలింది బియ్యమే, రుచి కాదు. అలాగని ఉపవాసం దండగని శ్లోకం అనలేదు. "పరం దృష్ట్వా నివర్తతే" అంటుంది, అంతకన్నా గొప్పది చూశాక ఆ రుచి తనే పోతుందని. పోతన గారి ప్రహ్లాదుడు అడిగిందీ ఇదే: మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు పోవునే మదనములకు? మందారతేనె మరిగిన తుమ్మెదని ఉమ్మెత్త పువ్వు దగ్గరికి పోవద్దని ఎవరూ కాపలా కాయక్కర్లేదు.

ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు అన్న ప్రశ్నలకి కూడా తెలుగులో ఇంతకన్నా అందమైన బొమ్మ నాకు తెలియదు. "పానీయంబులు ద్రావుచున్ గుడుచుచున్ భాషించుచున్" అని మొదలయ్యే పోతన పద్యంలో ప్రహ్లాదుడు నీళ్లు తాగుతాడు, తింటాడు, మాట్లాడతాడు, నవ్వుతాడు, నిద్రపోతాడు, తిరుగుతాడు. ఏదీ మానలేదు. లోపల మాత్రం నారాయణ పాదచింత అనే అమృతాన్ని ఆస్వాదిస్తూ ఉంటాడు. గీతలో రసం, పోతనలో ఆస్వాదం. జ్ఞాని రుచి చచ్చినవాడు కాడు, రుచి కుదిరినవాడు.

58వ శ్లోకంలోని తాబేలు కూడా అంతే. నాలుగు కాళ్లు, తల, అయిదూ లోపలికి ముడుచుకోగలదు. మన ఇంద్రియాలూ అయిదే. అయితే తాబేలు జీవితమంతా డిప్పలో కూర్చోదు. ప్రమాదమున్నప్పుడు ముడుచుకుంటుంది, లేనప్పుడు నడుస్తుంది, మేస్తుంది. 64వ శ్లోకంలో "విషయాన్ ఇంద్రియైశ్చరన్" అన్నది అదే, విషయాల మధ్యే తిరుగుతూ అని. రాగద్వేషాలు లేకుండా అలా తిరిగేవాడికి దక్కేదానికి గీత పెట్టిన పేరు ప్రసాదం. గుడిలో ఆకుదొన్నెలో పెట్టే పులిహోరకి మనం వాడే మాటే. ఇక్కడ దానర్థం మనసు తేటపడటం. బురద కిందికి దిగాక బిందెలో నీళ్లు తేరుకుంటాయే, అలాగ. ఆ వెంటనే 66వ శ్లోకం "అశాంతస్య కుతః సుఖమ్" అని అడుగుతుంది. త్యాగరాజస్వామి సామ రాగంలో "శాంతము లేక సౌఖ్యము లేదు" అని పాడి, "దాంతునికైన వేదాంతునికైన" అని కలిపారు. ఇంద్రియాల్ని గెలిచినవాడికీ, వేదాంతం చదివినవాడికీ మినహాయింపు లేదని. చదువు మీద ధీమా ఉన్నవాళ్లు ఆ రెండో మాట దగ్గర కాస్త ఆగాలి.

ఈ లక్షణాలు పట్టుకుని ఇతరుల్ని కొలవడం మాత్రం మానుకోవాలి. 55వ శ్లోకంలోని మొదటి లక్షణం, తనలో తాను తృప్తిగా ఉండటం, పక్కవాడికి కనిపించేది కాదు. ప్రశాంతంగా కూర్చున్న వ్యక్తిని చూసి స్థితప్రజ్ఞుడని మనం ముద్ర వేయలేం. కర్మేంద్రియాల్ని బిగించి మనసులో విషయాలు తలుచుకునేవాణ్ణి మూడో అధ్యాయం మిథ్యాచారుడు, అంటే కపటి, అంటుంది, బయటికి వాడూ అలాగే కనిపిస్తాడు. కొలత మనకి మనమే పెట్టుకోవాలి. "నాకేదీ పట్టడం లేదు" అనిపించినప్పుడు అది సమత్వమా, మొద్దుబారడమా అని అనుమానమొస్తే పన్నెండో అధ్యాయం 13వ శ్లోకం తెరవండి. భక్తుడి లక్షణాల్లో ముందు వరసలోనే "మైత్రః కరుణ ఏవ చ" అని ఉంది. ఎదుటివాడి కష్టం వినే ఓపిక తగ్గిందంటే అది మొద్దుతనమే.

పారాయణ చేసేవాళ్లకో మాట. శ్లోకాలన్నీ పాదానికి 8 అక్షరాల అనుష్టుప్ ఛందస్సులో నడిచి, 70వది ఒక్కటీ పాదానికి 11 అక్షరాలతో సాగుతుంది. "ఆపూర్యమాణం అచలప్రతిష్ఠం" దగ్గర పాత వరసలోనే లాగితే మాటలు తొక్కుకుపోతాయి. ఊపిరి పీల్చుకుని, నిదానంగా ఎత్తుకోవాలి. నదులన్నీ వచ్చి పడుతున్నా నిశ్చలంగా ఉండే సముద్రం ఆ శ్లోకంలోని పోలిక. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట వరదల రోజుల్లో నిలబడితే ఆ 11 అక్షరాల నడక చెవికి అందుతుంది. ఎర్రనీళ్లు వచ్చి పడుతూనే ఉంటాయి. సముద్రం వాటిని వద్దనదు, వాటికోసం ఎదురూ చూడదు.

చివరి శ్లోకంలో "అంతకాలేఽపి" అన్న మాటలో ఆ "అపి"ని మింగేయకుండా పలకండి. చివరి ఘడియలోనైనా సరే ఆ స్థితిలో నిలబడితే చాలు అని దానర్థం. అరవై దాటాక గీత తెరిచినవాళ్లకి కృష్ణుడు ఇచ్చిన హామీ అది.