నలుగురు కలిసి కుట్టే చోట

సొంత జాకెట్టు కొలతలు సొంతంగా తీసుకోవడం కష్టం. చేయి ఎత్తగానే చంక, భుజం కొలతలు మారిపోతాయి. వీపు కొలతకైతే వెనక ఇంకో మనిషి నిలబడాల్సిందే. కుట్టుపని గుంపుల్లో స్నేహం చాలాసార్లు ఆ టేపు దగ్గరే మొదలవుతుంది.

మిషన్ మీద కుట్టేటప్పుడు గుడ్డ కింద దారం ఉండ కడితే కొత్తవాళ్లు బాబిన్‌ని, అంటే కింది దారం చుట్టిన చిన్న చక్రాన్ని తిడతారు. తప్పు చాలావరకు పై దారానిది, దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్య కూర్చోలేదన్నమాట. గుడ్డని నొక్కిపట్టే ఫుట్ పైకెత్తి దారం మళ్లీ ఎక్కించమని పక్క మిషన్ ఆవిడ చెబితే క్షణాల్లో సరి. కాటన్ లైనింగ్ కత్తిరించే ముందే నానబెట్టి ఆరేయమని, లేకపోతే ఉతికాక కుంచించుకుపోయి పై గుడ్డ ముడతలు పడుతుందని, పక్క కుట్లలో అంగుళం గుడ్డ వదలమని చెప్పేదీ వాళ్లే. పట్టుకి 11 నంబరు సన్న సూది, మామూలు కాటన్‌కి 14 నంబరుది. మొనపోయిన సూది పట్టు పోగులు లాగేస్తుంది.

కాజాలు, హుక్కులు అందరికీ విసుగే. అందుకే వాటిని కబుర్ల వేళకి అట్టిపెడతారు. మిషన్ చప్పుడు ఉండదు, కళ్లు సూది మీదే ఉంటాయి, ఎవరి మొహంలోకీ చూడక్కర్లేదు. ఇంట్లో చెప్పుకోలేనివి అప్పుడే బయటికొస్తాయి.

పెళ్లిళ్ల సీజన్లో ఒకావిడ జ్వరంతో పడుకుంటే ఆమె ఒప్పుకున్న జాకెట్లు తలా రెండు పంచుకుంటారు. కటింగ్ మాత్రం ఒక్కరే చేయాలి. ఇద్దరి కత్తెరలు పడితే జాకెట్టు చేతులు చంక దగ్గర సరిగా కూర్చోవు.