టిడిఎ 1541ఎ సిడి ప్లేయర్, వాల్వ్ అవుట్‌పుట్: ట్యూనింగ్ ఎంతవరకు వచ్చింది

బల్ల మీద ఉన్నది 1980ల చివరినాటి ప్లేయర్. ఫిలిప్స్ సిడిఎం-4 మెకానిజం, ఎస్ఎఎ 7210 డీకోడర్, ఎస్ఎఎ 7220 డిజిటల్ ఫిల్టర్, టిడిఎ 1541ఎ డాక్ (డిస్కులోని అంకెలను సంగీత సిగ్నల్‌గా మార్చే చిప్). సిగ్నల్‌ని పెంచే ఆప్‌ఆంప్ చిప్‌లు పీకేసి ఛానెల్‌కి ఒకటి చొప్పున రెండు ఇ88సిసి వాల్వ్‌లు పెట్టిన సెట్ ఇది. పాట వస్తుంది. కానీ గొంతు పైస్థాయికి వెళ్లిన చోట గరగర, వాల్యూమ్ పెంచితే సన్నటి హమ్, కొన్ని డిస్కులు మాత్రం చెవిలో గుచ్చుకునేంత పదును. ఈ మూడింట్లో ఒక్కదానికీ వాల్వ్ కారణం కాదు. వాల్వ్‌లు మార్చి మార్చి వింటూ పోతే డబ్బు పోతుంది, జబ్బు అలాగే ఉంటుంది. అందుకే ముందు డాక్ పిన్, తర్వాత పవర్ సప్లై, ఆపైన డీ-ఎంఫసిస్ (డిస్కులో పెంచి పెట్టిన పైస్వరాలను తిరిగి తగ్గించడం). వాల్వ్ సంగతి చివర్లోనే.

మూత తీసేముందు ఒక మాట: లోపల 200 వోల్టుల డిసి ఉంటుంది. ప్లగ్ పీకినా కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. మీటర్ 20 వోల్టుల కిందికి చూపించేదాకా చెయ్యి పెట్టొద్దు.

మొదటి దశ: గరగర

పాత మార్పులో డాక్ అవుట్‌పుట్ పిన్లు 6, 25 నుంచి ఎర్త్‌కి 100 ఓమ్‌ల రెసిస్టర్ వేసి, అక్కడి నుంచి నేరుగా వాల్వ్ గ్రిడ్‌కి (సిగ్నల్ లోపలికి వెళ్లే కాలికి) ఇచ్చారు. తప్పు ఇక్కడే ఉంది. ఈ చిప్ అవుట్‌పుట్ వోల్టేజి కాదు, కరెంటు. 0 నుంచి 4 మిల్లీయాంపుల దాకా లోపలికి లాగుతుంది. డేటాషీట్ ప్రకారం ఆ పిన్ మీద వోల్టేజి 25 మిల్లీవోల్టులు అటూ ఇటూ దాటకూడదు. 100 ఓమ్‌ల మీద అది 400 మిల్లీవోల్టులు కిందికి జారుతుంది. శబ్దం పెరిగేకొద్దీ డిస్టార్షన్ పెరగక ఏమవుతుంది?

ఇప్పుడు 33 ఓమ్‌లు, 1 శాతం మెటల్ ఫిల్మ్ వేశాం. దానితోపాటు శుభ్రమైన +15 వోల్టుల నుంచి 7.5 కిలో ఓమ్‌ల ద్వారా 2 మిల్లీయాంపులు అదే పిన్‌లోకి పంపాం. పాట లేనప్పుడు చిప్ లాగేది సరిగ్గా 2 మిల్లీయాంపులే కాబట్టి పిన్ సున్నా దగ్గర నిలబడుతుంది. సిగ్నల్ 66 మిల్లీవోల్టులు పైకి, 66 కిందికి ఊగుతుంది. డేటాషీట్ హద్దు ఇంకా దాటుతోంది, నిజమే. హద్దులోనే ఉండాలంటే 12.5 ఓమ్‌లు పెట్టాలి. అప్పుడు వచ్చే సిగ్నల్ ఆర్ఎంఎస్ కొలతలో (శిఖరాన్ని 1.41తో భాగిస్తే వచ్చేది) 18 మిల్లీవోల్టులే, 33 ఓమ్‌ల మీద అది 47. ఆ 18ని లైన్ లెవెల్‌కి (ఆంప్లిఫయర్‌కి కావలసిన స్థాయికి) లేపడం ఒక్క ఇ88సిసి వల్ల అయ్యే పని కాదు. 33 ఓమ్‌లు రాజీ. గరగర మాత్రం పోయింది. సరిచూసుకోవడానికి, నిశ్శబ్దం రికార్డయిన ట్రాక్ పెట్టి పిన్ 6, 25 కొలవాలి. కొద్ది మిల్లీవోల్టులకు మించి కనిపిస్తే 7.5 కిలో ఓమ్‌లను సర్దాలి.

33 ఓమ్‌ల మీద అడ్డంగా 68 నానోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ ఉండాల్సిందే. ఫిల్టర్ చిప్ 4 రెట్ల ఓవర్‌శాంప్లింగ్‌తో 176.4 కిలోహెర్ట్జ్ దగ్గర వదిలే చెత్తను ఇది తగ్గిస్తుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర నష్టం 0.3 డెసిబెల్, చెవికి తెలియదు.

డాక్ చుట్టూ ఉండే 14 డీకప్లింగ్ కెపాసిటర్లు, అంటే పిన్ల మీది గోలను ఎర్త్‌కి వదిలేవి (పిన్ 7 నుంచి 13, 18 నుంచి 24), ఒక్కొక్కటి 100 నానోఫారడ్. పిన్‌కి ఆనుకుని ఉండటమే ముఖ్యం. ఖరీదైన పెద్ద సైజు కెపాసిటర్లు తెచ్చి పొడుగు కాళ్లతో వేలాడదీస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

రెండో దశ: వాల్వ్ సర్క్యూట్, పవర్ సప్లై

వాల్వ్‌లో మొదటి సగం గెయిన్ ఇస్తుంది, అంటే సిగ్నల్‌ని పెంచుతుంది: ఆనోడ్ లోడ్ 22 కిలో ఓమ్‌లు, కాథోడ్‌లో 510 ఓమ్‌లు, దాని మీద 220 మైక్రోఫారడ్. రెండో సగం కాథోడ్ ఫాలోవర్, అంటే సిగ్నల్‌ని పెంచకుండా బలంగా బయటికి నడిపేది. మొదటి ఆనోడ్ నుంచి నేరుగా దాని గ్రిడ్‌కి, కాథోడ్‌లో మళ్లీ 22 కిలో ఓమ్‌లు. 200 వోల్టుల హెచ్‌టి (వాల్వ్‌లకిచ్చే హై టెన్షన్ డిసి) మీద ఒక్కో సగంలో సుమారు 4.5 మిల్లీయాంపులు నడుస్తాయి. మొదటి ఆనోడ్ మీద 100 వోల్టులు ఉండాలి. 90, 110 మధ్య ఎక్కడున్నా ఫరవాలేదు. 130 దాటితే వాల్వ్ అరిగిపోయిందన్నమాట. గెయిన్ 27 చుట్టూ వస్తుంది కాబట్టి ఫుల్ లెవెల్‌కి అవుట్‌పుట్ 1.3 వోల్టులు. మామూలు సిడి ప్లేయర్ ఇచ్చే 2 వోల్టుల కన్నా తక్కువే, ఏ ఆంప్లిఫయర్‌కైనా చాలు. అవుట్‌పుట్‌లో 2.2 మైక్రోఫారడ్, 400 వోల్టుల పాలీప్రొపిలీన్, దాని తర్వాత ఎర్త్‌కి 220 కిలో ఓమ్‌లు. ఈ రెసిస్టర్ మరిచిపోతే వైరు గుచ్చినప్పుడల్లా స్పీకర్లో ఢాం అంటుంది.

హమ్ ఎక్కడినుంచి వస్తోందో వెతికితే రెండు దొరికాయి. హీటర్లు (వాల్వ్ కాథోడ్‌ని వేడిచేసే తీగలు) ఎసి మీద నడుస్తున్నాయి, పైగా ఆ వైర్లు డాక్ బోర్డు పక్కనుంచే వెళ్తున్నాయి. రెండోది, ఎర్త్‌ని ఛాసిస్‌కి (లోహపు పెట్టెకి) రెండు చోట్ల కలిపారు. ఎర్త్ ఒక్కచోటే, అవుట్‌పుట్ సాకెట్ల దగ్గర కలపాలి.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాం: ప్రైమరీ 230, సెకండరీలు 160 వోల్టులు 50 మిల్లీయాంపులు, 9 వోల్టులు 1.5 ఆంపులు, మధ్యలో షీల్డ్. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట మిగతా సామాను కొనుక్కోవచ్చు గానీ ఇది మాత్రం ఆర్డరిచ్చి చుట్టించుకోవడమే మేలు. 160 వోల్టులను యుఎఫ్4007 డయోడ్ల బ్రిడ్జికి ఇచ్చి, 47 మైక్రోఫారడ్, 680 ఓమ్‌లు, 47, మళ్లీ 680 ఓమ్‌లు, చివర 100 మైక్రోఫారడ్. రెండు ఛానెళ్లూ కలిపి 18.5 మిల్లీయాంపులు లాగుతాయి, ఆ రెసిస్టర్లలో 25 వోల్టులు పడిపోయి 200 మిగులుతుంది.

హీటర్లకు ఎల్‌ఎం317 వోల్టేజి రెగ్యులేటర్. అవుట్‌పుట్ నుంచి అడ్జస్ట్ పిన్‌కి 240 ఓమ్‌లు, అక్కడినుంచి కిందికి 1 కిలో ఓమ్, 33 కిలో ఓమ్‌లు పక్కపక్కన. 6.3 వోల్టులు వస్తాయి. రెండు ఇ88సిసిలకు 0.6 ఆంపు. ముందు 4700 మైక్రోఫారడ్. ఎండాకాలం సాయంత్రాలు లైన్ 200 వోల్టులకు పడిపోయే ఊళ్లలో 9 వోల్టుల సెకండరీ సరిపోదు. రెగ్యులేటర్‌కి పని చేయడానికి చోటు మిగలక మళ్లీ హమ్ వస్తుంది. అక్కడ 10 వోల్టులు చుట్టించాలి, హీట్ సింక్ 4 వాట్లకు లెక్కేయాలి.

ఫాలోవర్ కాథోడ్ 102 వోల్టుల మీద కూర్చుంటుంది, హీటర్ సున్నా దగ్గరుంటే మధ్యలో ఇన్సులేషన్ మీద బరువు పడుతుంది. అందుకే హెచ్‌టి నుంచి 220 కిలో ఓమ్‌లు, 68 కిలో ఓమ్‌లతో 47 వోల్టులు తీసి, 10 మైక్రోఫారడ్‌తో శుభ్రం చేసి, హీటర్ నెగెటివ్‌కి కలిపాం. ఇవే రెండు రెసిస్టర్లు ఆఫ్ చేశాక హెచ్‌టిని ఖాళీ చేస్తాయి, దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. ఒక ప్రమాదం: ఇలా చేశాక ఎల్‌ఎం317 లోహపు వీపు మీద కూడా 50 వోల్టులకు పైగా ఉంటుంది. మైకా వాషర్, ప్లాస్టిక్ బుష్ లేకుండా ఛాసిస్‌కి బిగిస్తే షార్టే. బిగించాక మీటర్ బీప్‌తో చూసి తీరాలి.

మూడో దశ: డీ-ఎంఫసిస్

ఈ మార్పు చేసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. 1980లలో వచ్చిన కొన్ని డిస్కుల్లో పైస్వరాలను పెంచి రికార్డు చేశారు, ప్లేయర్ వాటిని తిరిగి తగ్గించాలి. ఈ తరం ఫిలిప్స్ సెట్లలో ఆ పని ఆప్‌ఆంప్ భాగంలోనే జరిగేది. ఆప్‌ఆంప్‌లతోపాటు అదీ పోయింది. పదునుగా వినిపించిన డిస్కులన్నీ ఈ రకానివే. వాల్వ్‌ని తిట్టి లాభం లేదు.

మందు చాలా చిన్నది. 15 ఓమ్‌లు, 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ వరుసగా కలిపి, రిలే కాంటాక్ట్ ద్వారా ఆ 33 ఓమ్‌ల మీద వేయాలి. ప్రమాణం 50, 15 మైక్రోసెకన్లు. దీనితో 48, 15 వస్తాయి, తేడా అర డెసిబెల్ కూడా ఉండదు. డీకోడర్ నుంచి వచ్చే డీ-ఎంఫసిస్ సిగ్నల్‌ని బిసి547 ట్రాన్సిస్టర్‌కి ఇస్తే అదే 5 వోల్టుల రిలేని నడుపుతుంది. రిలే కాయిల్ మీద డయోడ్ తప్పనిసరి. మామూలు డిస్కుకి రిలే కదలకూడదు, ఎంఫసిస్ డిస్కు పెట్టగానే టిక్‌మనాలి.

రెండో రిలే అవుట్‌పుట్‌ని ఎర్త్‌కి పట్టుకుని, స్విచ్ వేసిన 40 సెకన్లకు వదులుతుంది. వాల్వ్ వేడెక్కేలోపు వచ్చే కుదుపు ఆంప్లిఫయర్‌కి చేరదు.

నాలుగో దశ: వాల్వ్‌లు

ఇ88సిసి, 6922, రష్యన్ 6ఎన్23పి నేరుగా మారతాయి. ఇసిసి88 హీటర్ 365 మిల్లీయాంపులు, అదీ సరే. 6ఎన్1పి సాకెట్‌లో కూర్చుంటుంది గానీ ఒక్కొక్కటి 600 మిల్లీయాంపులు లాగుతుంది. ఈ ట్రాన్స్‌ఫార్మర్, ఈ హీట్ సింక్ దానికి చాలవు. ఇసిసి81, 82, 83 అసలు పెట్టొద్దు, హీటర్ కాళ్లే వేరు.

పెన్సిల్ వెనక రబ్బరుతో వాల్వ్‌ని మెల్లగా తట్టి వినాలి. డప్పుమని ఆగిపోతే మంచిది. గంటలా మోగుతూ ఉంటే అది ఈ సర్క్యూట్‌కి పనికిరాదు, 47 మిల్లీవోల్టుల సిగ్నల్‌తో పాటు ఆ మోత కూడా 27 రెట్లవుతుంది. వాల్వ్ బోర్డుని రబ్బరు గ్రోమెట్ల మీద పెట్టాం. డిస్కు మోటారు అదురు అందక మోత బాగా తగ్గింది.

ఇక మిగిలింది వేడి. ఎస్ఎఎ 7220 మామూలుగానే బాగా వేడెక్కుతుంది, దాని వీపు మీద చిన్న అల్యూమినియం రెక్క అంటించాం. వాల్వ్‌ల పైన మూతకి 8 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు వరుసలు వేయాలి. కొట్టేటప్పుడు మూత విడిగా తీసి కొట్టాలి, లోహపు పొట్టు ఒక్కటి సర్వో బోర్డు (లెన్స్‌నీ మోటారునీ నడిపేది) మీద పడినా చాలు చిప్ పోవడానికి. లెన్స్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో ఒక్కసారి తుడిచి వదిలేశాం. లేజర్ ప్రీసెట్ (లేజర్ బలాన్ని సర్దే చిన్న స్క్రూ) జోలికి పోలేదు. డిస్కులు మొదటి ట్రాక్ నుంచి చివరి దాకా చదువుతున్నంతకాలం పోయే పనీ లేదు.