ఆఫీసు వైఫైలో ఫేస్‌బుక్ తెరిస్తే ఎవరికి తెలుస్తుంది?

మా ఒంగోలు ఆఫీసులో ఈమధ్య గోడకి ఒక కాగితం అంటించారు, ఫేస్‌బుక్, ఇన్‌స్టా ఎవరు ఎంతసేపు చూస్తున్నారో రికార్డవుతుందని. మధ్యాహ్నం క్యారేజీలు విప్పిన దగ్గర్నుంచీ ఇదే గోల, మన చాట్లు కూడా చదివేస్తారా అని అకౌంట్స్‌లో ఉండే అక్కకి ఒకటే టెన్షన్.

మామూలుగా అయితే చదవలేరు. మన ఫోన్ ఆఫీసు వైఫైకి కలిపితే ఏ సైట్‌కి వెళ్లామో, ఎంత డేటా వాడామో తెలుస్తుంది, లోపల ఏం రాశామో హెచ్‌టీటీపీఎస్ వల్ల, అంటే మధ్యలో ఎవరూ చదవకుండా తాళం వేసినట్టు పంపే పద్ధతి వల్ల, కనపడదు. కంపెనీ ఇచ్చిన కంప్యూటర్ సంగతి వేరు, అందులో వాళ్ల సర్టిఫికెట్ (ఆ తాళానికి మారు తాళంచెవి లాంటిది) వేసినా, స్క్రీన్‌షాట్లు తీసే సాఫ్ట్‌వేర్ పెట్టినా అంతా వాళ్ల చేతిలోనే. కాబట్టి అక్కా, బావగారితో గొడవలేవో నీ ఫోన్‌లో, నీ సొంత డేటా మీద పెట్టుకో.

నాకు నవ్వొచ్చేది ఇంకోటి. చీమకుర్తి నుంచి గ్రానైట్ పలకల ఫోటోలు వచ్చేది వాట్సాప్‌లోనే, బయ్యర్ రాత్రి పదింటికి మెసేజ్ పెడితే జవాబివ్వాల్సిందీ అందులోనే, అప్పుడు మాత్రం అది టైంపాస్ కాదు!

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, బాగానే ఉంది. కానీ 2023 డేటా రక్షణ చట్టంలో ఉద్యోగ అవసరాలకీ, కంపెనీకి నష్టం రాకుండా చూసుకోడానికీ మన అనుమతి లేకుండానే డేటా వాడుకునే వీలు పెట్టారు. రొమేనియాలో ఒక ఉద్యోగి యాహూ మెసెంజర్ చాట్లు కంపెనీ చదివిన కేసులో మాత్రం, ముందుగా చెప్పారా లేదా, ఎంతవరకు చూశారు అన్నది అక్కడి కోర్టులు సరిగా పట్టించుకోలేదని 2017లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఉద్యోగి వైపే తీర్పిచ్చింది.

మావాళ్లు కాగితమైతే అంటించారు గానీ ఆ రికార్డు ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు దాస్తారో అందులో లేదు. మేనేజర్ గారు క్యాంపు నుంచి రాగానే అడుగుతాను.